అయ్యా ఎంఏహెచ్ గారూ, మీ వోల్టు ఏదండీ?

గౌరవనీయులైన మిల్లీ ఆంపియర్ అవర్ గారికి,

నమస్కారం. మీ క్షేమ సమాచారాలు అడగాల్సిన పనే లేదు. ఏ సెల్‌ఫోన్ షాపుకెళ్ళినా పవర్ బ్యాంకు డబ్బాల మీద బొటనవేలంత అంకెలతో మీరే దర్శనమిస్తున్నారు. మొదట్లో 5,000 అన్నారు, తర్వాత 10,000 అన్నారు, ఇప్పుడు 20,000, 30,000 అంటున్నారు. ఎన్నికల అఫిడవిట్లలో ఆస్తుల తర్వాత ఇంత జోరుగా పెరిగింది మీరే.

ఒక్క సందేహం తీర్చండి. అసలు మీరు కొలిచేది దేన్ని?

షాపు కుర్రాడిని అడిగితే "బ్యాకప్ అన్నా, ఫుల్ బ్యాకప్" అంటాడు. కొనేవాడు అది శక్తే అనుకుంటాడు. ఫిజిక్స్ పుస్తకం మాత్రం మీ గుట్టు ఎప్పుడో విప్పేసింది. సెకనుకు ఒక కూలుంబ్ విద్యుదావేశం (చార్జి) ప్రవహిస్తే అది ఒక ఆంపియర్. ఆ ఒక్క ఆంపియర్ గంటసేపు ప్రవహిస్తే 3,600 కూలుంబ్‌లు. అందులో వెయ్యో వంతు, అంటే 3.6 కూలుంబ్‌లు, ఇదీ తమరి అసలు హోదా. తమరు ఆవేశం. శక్తి కాదు. శక్తి కావాలంటే ఆ ఆవేశాన్ని వోల్టులతో గుణించాలి. ఒక కూలుంబ్ ఆవేశం ఒక వోల్టు తేడా దాటితే జరిగే పని ఒక జౌల్. ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌కు చదివే పిల్లలను నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పే లెక్క ఇది. తమరికే గుర్తులేనట్టుంది.

వోల్టు చెప్పకుండా మిమ్మల్ని మాత్రమే చెప్పడమంటే, వంద బస్తాల బియ్యం పంపాం అని చెప్పి ఒక్కో బస్తా పది కిలోలో డెబ్బై అయిదు కిలోలో దాచిపెట్టడమే.

నమ్మకపోతే మీ ఇంటి బాగోతమే చూడండి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ తిరగేస్తే 4,400 అని ఉంటుంది. చేతిలోని ఫోన్ బ్యాటరీ 5,000. మీ లెక్కన ల్యాప్‌టాప్ కంటే ఫోన్‌దే పెద్ద బ్యాటరీ! కానీ ల్యాప్‌టాప్‌ది 11.1 వోల్టులు, గుణించి వెయ్యితో భాగిస్తే దాదాపు 49 వాట్ అవర్లు, శక్తిని కొలిచేది ఈ వాట్ అవరే. ఫోన్‌ది 3.85 వోల్టులు, 19 చిల్లర. అదే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద వాట్ అవర్లు కూడా రాసి ఉంటాయి. తెలియక రాయట్లేదు అనడానికి లేదు మరి.

ఇక మీకు ప్రాణప్రదమైన 20,000 సంగతి. లోపల 10,000 చొప్పున రెండు సెల్స్ ఉన్నాయనుకుందాం. పక్కపక్కన ప్యారలల్‌గా కలిపితే 3.7 వోల్టుల దగ్గర 20,000. అవే సెల్స్‌ను ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో కలిపితే 7.4 వోల్టుల దగ్గర 10,000. వైరు మార్చగానే మీరు సగమైపోయారు, శక్తి మాత్రం ఒక్క జౌల్ కూడా తగ్గలేదు. రెండు రకాలుగానూ 74 వాట్ అవర్లే. ఈ-ఆటోలో అయితే 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్, మీకు వెయ్యి రెట్లు) బ్యాటరీలు నాలుగు సిరీస్‌లో కూర్చుంటాయి. నాలుగింటి బరువు మోస్తున్నా అక్కడ మీ అన్నగారి అంకె 100 దాటదు. శక్తి మాత్రం 4,800 వాట్ అవర్లు.

ఆ 74 వాట్ అవర్లయినా పూర్తిగా చేతికొస్తాయా? యూఎస్‌బీ బయటికిచ్చేది 5 వోల్టులు. 3.7ను 5కు పెంచితే మీ 20,000 కాస్తా 14,800కు దిగాలి. ఆ పెంచే సర్క్యూట్ తన కమీషన్ పట్టుకోక మానదు. చివరికి మిగిలేది పన్నెండు, పదమూడు వేల దరిదాపుల్లో. ఆ నిజం కూడా డబ్బా మీదే ఉంటుంది లెండి. వెనకవైపు, చీమ తలకాయంత అక్షరాల్లో, రేటెడ్ కెపాసిటీ అని. ముందువైపు మీరు, వెనకవైపు నిజం. ఫోన్ నాలుగుసార్లు ఫుల్ అవుతుందన్న మాట నమ్మినవాడు మూడోసారికే టెన్షన్ పడుతూ ప్లగ్ పాయింట్ వెతుక్కుంటాడు.

మిమ్మల్ని అస్సలు నమ్మనివాళ్ళు విమానాలవాళ్ళు. శంషాబాద్ వెళ్ళినా గన్నవరం వెళ్ళినా వాళ్ళ నిబంధన వాట్ అవర్లలోనే. 100 వరకు హ్యాండ్ బ్యాగులో పెట్టుకుని ఎక్కవచ్చు. 100 నుంచి 160 దాకా అయితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. మీ 30,000 అక్కడ 111 వాట్ అవర్లయి బిక్కమొహం వేస్తుంది. నిప్పంటుకుంటే మండేది శక్తి కదండీ, అందుకే వాళ్ళకు మీ అంకెలతో పనిలేదు. కరెంటు బిల్లులోనూ అంతే. అక్కడ యూనిట్ అంటే 1,000 వాట్ అవర్లు, 36 లక్షల జౌల్స్. అటక మీది ఇన్వర్టర్ బ్యాటరీ 150 ఏహెచ్ అని గంభీరంగా కనిపిస్తుంది గానీ, 12 వోల్టులతో గుణిస్తే తేలేది 1.8 యూనిట్లే. అదీ ఇరవై గంటల పాటు నిదానంగా, ఏడున్నర ఆంపియర్ల చొప్పున వాడుకుంటేనే. ఫ్యాన్లూ లైట్లూ టీవీ అన్నీ ఒకేసారి వేసేస్తే అంత కూడా ఇవ్వదు.

మీరు దేనికీ పనికిరారని నా ఉద్దేశం కాదు. వెండి పూత పూసేచోట మీ వంశానిదే రాజ్యం. ఒక కూలుంబ్ ఆవేశం సాగితే 1.118 మిల్లీగ్రాముల వెండి దిగుతుంది, వోల్టు ఎంతైనా సరే. ఒకప్పుడు ఆంపియర్‌కు నిర్వచనమే ఆ వెండి. ఫోన్‌లో బ్యాటరీ శాతం చూపించే చిప్ కూడా లోపల కూలుంబ్‌లే లెక్కపెట్టుకుంటుంది. మీ వృత్తి మీద నాకు గౌరవమే. మీరు వేసుకున్న వేషం మీదే కోపం.

మీ కుటుంబంలోనే ఎలక్ట్రాన్ వోల్టు గారిని చూసి నేర్చుకోండి. ఒక ఎలక్ట్రాన్ ఒక వోల్టు దాటితే వచ్చే శక్తి, 1.602176634 ను పదిసార్లు కాదు, పందొమ్మిదిసార్లు పదితో భాగిస్తే వచ్చేన్ని జౌల్స్. 2019 మే 20 నుంచి ఎలక్ట్రాన్ ఆవేశాన్ని ఖచ్చితంగా ఆ అంకెకే స్థిరపరిచారు కాబట్టి అందులో దశాంశం కూడా కదలదు. అంత సూక్ష్మప్రాణి, అయినా ఎక్కడికెళ్ళినా వోల్టును వెంటబెట్టుకునే వెళుతుంది. తమరు ఇరవై వేలమంది కలిసి వచ్చి కూడా వోల్టును ఇంట్లో వదిలేసి వస్తున్నారు.

1881లో పారిస్‌లో ఆంపియర్‌ను, కూలుంబ్‌ను, వోల్టును ఒకే సభలో ఆమోదించారు. ముగ్గురూ కలిసి పుట్టినవాళ్ళే. జౌల్, వాట్‌లకు ఆ గౌరవం 1889లో దక్కింది. అందుకే కాబోలు, ఆలస్యంగా వచ్చినవాళ్ళని ఇప్పటికీ డబ్బా వెనక్కి నెడుతున్నారు.

నా కోరిక చిన్నది. ఇకమీదట డబ్బా ముందువైపు మీ పక్కనే వాట్ అవర్లను కూడా అంతే సైజులో నిలబెట్టండి. చోటు లేదంటారా? ఆ పసుపుపచ్చ మెరుపు బొమ్మ తీసేయండి, బోలెడంత దొరుకుతుంది.

ఇట్లు,
డబ్బా వెనకవైపు చదివే ఒక వినియోగదారుడు