దీపమా, నిన్ను నువ్వు నమ్ముకో

గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనే రోజులు పోయాయి. ఇప్పుడు మధ్యలో దేవుణ్ని ఎందుకు ఇబ్బంది పెట్టడమని నేరుగా దీపానికే చెబుతున్నాం, నిన్ను నువ్వు నమ్ముకో అని. ఆరిపోయిందా, తప్పు దీపానిదే. నమ్మకం చాల్లేదు.

ఈ జ్ఞానం నాకు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కలిగింది. మా మేనల్లుడు అక్కడ ఒకే గదిలో ఇంకో నలుగురితో సర్దుకుంటూ గ్రూప్-1కి చదివేవాడు. 2024 వేసవిలో వాణ్ని చూడ్డానికి వెళ్తే, "రా మామా, నీక్కూడా పనికొస్తుంది" అని ఒక మోటివేషన్ క్లాసుకు లాక్కెళ్లాడు. స్టేజీ మీదాయన అందర్నీ కళ్లు మూసుకోమని, డిప్యూటీ కలెక్టర్ అని రాసున్న మీ నేమ్‌ప్లేట్ చూసుకోండి అన్నాడు. నేను కళ్లు తెరిచే ఉంచి తలకాయలు లెక్కపెట్టాను. దాదాపు 400 నేమ్‌ప్లేట్లు.

ఆ ఏడాది గ్రూప్-1 నోటిఫికేషన్‌లో అన్ని రకాల పోస్టులూ కలిపి 563, దరఖాస్తులేమో నాలుగు లక్షల పైచిలుకు. సుమారు 700 మందికి ఒక్క కుర్చీ అన్నమాట, అంటే ఆ హాలు మొత్తానికి కలిపి వచ్చేది కుర్చీలో సగం, అదీ ఏ సగమో తెలీదు. ఈ మాట కాస్త గట్టిగా అనేశాను. "నెగెటివ్‌గా మాట్లాడకండి అంకుల్" అన్నాడు పక్కన కుర్రాడు. అప్పట్నుంచి నాది ఒకటే డిమాండ్: యువత భవిష్యత్తు కోసం భాగహారాన్ని వెంటనే నిషేధించాలి.

నిజానికి మావాడి నమ్మకానికి వంక పెట్టలేం. 2022 అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశాడు, పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ రాశాడు, బయోమెట్రిక్ తీసుకోలేదన్న కారణం మీద సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. రెండుసార్లూ వాడు తనను తాను పూర్తిగానే నమ్ముకున్నాడు. తన వేలిముద్ర తీసుకోవాల్సినవాళ్లను కూడా తనే నమ్ముకోవాలని సిలబస్‌లో లేదు, పాపం.

అలాగని మా బావ పార్టీలో చేరమంటారా? "మనలాంటోళ్లకు వస్తాయారా అవి" అంటాడాయన, జీవితంలో ఒక్క దరఖాస్తూ నింపకుండా. దీన్ని వాస్తవికత అంటాడు. నేనైతే దీన్ని పడక్కుర్చీ అంటాను.

ఆ క్లాసులో ఇంకో సూత్రం కూడా చెప్పారు: ప్లాన్ బి ఉన్నవాడికి ప్లాన్ ఎ దక్కదు. బయటికొస్తుంటే గుమ్మం పక్కనే టేబుల్ మీద ఆయన పుస్తకం, ఆయన ఆన్‌లైన్ కోర్సు కరపత్రం, ఆయన యూట్యూబ్ ఛానల్ క్యూఆర్ కోడ్. నేను సి, డి దాకా లెక్కపెట్టి ఆపేశాను.

మా మేనల్లుడు అప్పటికే ఈ సూత్రానికి ద్రోహం చేసి ఉన్నాడు. మధ్యలో చడీచప్పుడు లేకుండా గ్రూప్-4 కూడా రాసేశాడు. 8,180 పోస్టులు కదా మామా, ఇక్కడ లెక్క కాస్త మనవైపు ఉంది అన్నాడు. ఇప్పుడు జూనియర్ అసిస్టెంట్. సాయంత్రం ఆఫీసు నుంచొచ్చి ఇంకా గ్రూప్-1 పుస్తకాలే తిరగేస్తున్నాడు, మానలేదు.

మొన్న ఆ మోటివేషన్ ఆయన ఆఫీసు నుంచి వీడికి ఫోనొచ్చింది. "నన్ను నేను నమ్ముకున్నాను, గెలిచాను" అని ఒక్క నిమిషం వీడియో పంపించమన్నారట.

"ఎంతిస్తారు సార్?" అని అడిగాడట మావాడు.