గైడ్ ఒప్పుకుంటేనే సీటు, సీటు వస్తేనే గైడ్

నా పీహెచ్‌డీకి గైడ్‌గా, అంటే పరిశోధన పర్యవేక్షకుడిగా ఉంటారా అని రాసిన ఈమెయిల్‌కు ఈ మధ్యాహ్నం ఒక ప్రొఫెసర్ గారి దగ్గర నుంచి జవాబు వచ్చింది. "ఇది మా పరిధిలోని అంశం కాదు. టెక్స్‌టైల్ టెక్నాలజీ విభాగంలో ప్రయత్నించండి." అంతే. పైన నా పేరు లేదు, కింద ఆయన సంతకం లేదు, నేను పంపిన సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన సారాంశం) తెరిచి చూసిన ఆనవాలు లేదు. ఆయన పేరు చెప్పను, ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. కానీ ఈ కోపాన్ని మింగి ఊరుకోవడం నా వల్ల కాదు.

ఆయన తన పరిచయంలో పరిశోధనాసక్తులు ఏమని రాసుకున్నారో తెలుసా? సాంకేతికత, సమాజం, ఆవిష్కరణలు. నా అంశం ఏమిటి? పోచంపల్లి చీరకు ఆసు పోసే పని, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పని, ఆడవాళ్ళ చేతుల మీద నుంచి యంత్రం మీదికి మారిన తర్వాత ఆ ఇళ్ళలో ఎవరి పని తగ్గింది, ఎవరి నైపుణ్యానికి విలువ పోయింది, మిగిలిన సమయం ఎవరి చేతికి వచ్చింది అన్నది. ఇందులో సాంకేతికత ఉంది. సమాజం ఉంది. ఆవిష్కరణ ఉంది. ఇది కూడా పరిధిలోకి రాకపోతే ఆ మూడు మాటలు ఎవరి కోసం రాసుకున్నట్టు?

టెక్స్‌టైల్ వాళ్ళను అడగమన్నారు కదా, అడిగాను, ఇంతకుముందే అడిగాను. "ఇందులో ప్రయోగశాల పని ఏముంది? సోషియాలజీకి వెళ్ళండి" అన్నారు. సోషియాలజీ వాళ్ళు "యంత్రం గురించి కదా, ఇంజనీరింగ్ వాళ్ళు చూడాలి" అన్నారు. ఎకనామిక్స్‌లో ఒకరు కనీసం ఫోనులో మాట్లాడారు, ఆయనకు కృతజ్ఞతలు. కానీ పెద్ద ఎత్తున గణాంకాలు లేని అంశాన్ని తన విద్యార్థికి ఇవ్వలేనన్నారు. బీటెక్ చదివి ఎం.ఏ. సోషియాలజీ చేసినవాళ్ళకు రెండు తలుపులు తెరుచుకోవాలి. రెండూ మూసుకుంటున్నాయి. ఇంజనీర్లకు నేను సోషియాలజీ మనిషిని, సోషియాలజీ వారికి ఇంజనీరును.

సైన్స్, టెక్నాలజీ, సమాజ అధ్యయనాలు, పొట్టిగా ఎస్‌టీఎస్ అని పిలుచుకునే నా రంగం పుట్టిందే ఈ గోడను పడగొట్టడానికి. సైన్స్ ఎలా పనిచేస్తుంది, టెక్నాలజీ ఎవరి చేతిలో ఏమవుతుంది, ప్రభుత్వం పరిశోధన మీద పెట్టే డబ్బు ఎటు పోతుంది అని అడగడానికి ఒక శాఖ సరిపోదని తెలిసే, ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో 1966లో క్రిస్టఫర్ ఫ్రీమన్ సైన్స్ విధాన పరిశోధనకు ప్రత్యేకంగా ఒక విభాగం మొదలుపెట్టారు. మన దేశంలోనూ ఉన్నాయి. జేఎన్‌యూలో సైన్స్ విధాన అధ్యయన కేంద్రం ఉంది, గుజరాత్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఒకటి ఉంది, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జ్ఞానం, సంస్కృతి, ఆవిష్కరణల పేరుతో ఒక కేంద్రం నెలకొల్పారు. కొన్ని ఐఐటీల హ్యుమానిటీస్ విభాగాల్లో ఒకరో ఇద్దరో అధ్యాపకులు ఉంటారు. వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఇన్ని కోట్ల మంది ఉన్న దేశానికి!

ప్రశ్నలు లేవా మన దగ్గర? బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చినప్పటి నుంచి మన పత్తి రైతు ఎవరి మాట విని ఏ విత్తనం కొంటున్నాడు? తక్కువ నీటితో, మొక్కలు దూరం దూరంగా నాటే శ్రీ వరి సాగు మన జిల్లాల్లోకి వచ్చినప్పుడు రైతుల అనుభవానికీ శాస్త్రవేత్తల అనుమానానికీ మధ్య ఏం జరిగింది? అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు పురుగుమందులు మానేస్తామని ఎలా నిలబడ్డారు? దేశం పరిశోధన మీద పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గరే ఎందుకు ఆగిపోయింది? ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క జీవితకాలం సరిపోదు. అడగడానికి పిల్లలు సిద్ధంగా ఉన్నారు. "సరే, నా దగ్గర చెయ్యి" అనే మనిషే లేడు.

ఇక నిబంధనల సంగతి. 2024 జూన్ నుంచి పీహెచ్‌డీ ప్రవేశానికి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) స్కోరు తీసుకుంటున్నారు. ఆ నెట్ సబ్జెక్టుల జాబితాలో సైన్స్ విధానం లేదు, ఎస్‌టీఎస్ లేదు. కాబట్టి ఎవరైనా వేరే సబ్జెక్టు రాసి ఈ రంగంలోకి రావాలి. నేను సోషియాలజీ రాశాను, పీహెచ్‌డీకి అర్హత వచ్చింది, జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) రాలేదు. ఈ అర్హత ఒక్క సంవత్సరమే చెల్లుతుంది. ఆ ఒక్క సంవత్సరంలో గైడ్ దొరకాలి. గైడ్‌ను అడిగితే "ముందు సీటు తెచ్చుకోండి, తర్వాత చూద్దాం" అంటారు. సీటు కోసం ఇంటర్వ్యూకు వెళితే "మీ అంశానికి ఇక్కడ ఎవరు ఒప్పుకున్నారు?" అని మొదటి ప్రశ్న. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు. ఇది చదివి తలలూపుతున్నవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు, మీరంతా నాకు ఇన్‌బాక్స్‌లో మెసేజ్‌లు పెడుతూనే ఉన్నారు.

విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒకేసారి ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మించి తీసుకోకూడదు. పదవీ విరమణకు మూడేళ్ళలోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. రెండూ న్యాయమైనవే, కాదనను. ముప్ఫై మందిని పెట్టుకుని ఒక్కరి అధ్యాయం కూడా చదవని పెద్దమనుషుల కాలం పోవాల్సిందే. కానీ అధ్యాపకులే పిడికెడు మంది ఉన్న రంగంలో ఈ లెక్క ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. అనుభవజ్ఞులు విరమణకు దగ్గరపడ్డారు. కొత్త నియామకాలు ఎప్పుడు జరుగుతాయో ఎవరికీ తెలియదు. మిగిలిన ఇద్దరు ముగ్గురి దగ్గర ఖాళీలు ఉన్నాయో లేదో బయటివాళ్ళకు తెలిసే దారి లేదు.

దారి ఉండాలని అదే నిబంధనల్లో ఉంది. ప్రతి సంస్థా తన గైడ్‌ల జాబితాను, ఒక్కొక్కరి దగ్గర ఎవరెవరు ఏ అంశం మీద, ఎప్పటి నుంచి పరిశోధిస్తున్నారో వెబ్‌సైట్‌లో పెట్టాలి, ఏటా సరిదిద్దాలి. వెళ్ళి చూడండి. నేను చూసినవాటిలో కొన్ని జాబితాల్లో ఎప్పుడో డిగ్రీ అందుకుని వెళ్ళిపోయినవాళ్ళు ఇంకా పరిశోధిస్తూనే ఉన్నారు. ఒకచోట విరమణ చేసిన ఆచార్యులకు ఉత్తరం రాసి, నెలల తరబడి జవాబు కోసం చూసి, చివరికి ఆయన విభాగంలోనే లేరని ఆఫీసు గుమాస్తా ద్వారా తెలుసుకున్నాను. ఆ నెలలు ఎవరు తిరిగి ఇస్తారు? నెట్ గడువు నాకోసం ఆగుతుందా?

వేరే శాఖ నుంచి సహ పర్యవేక్షకులను పెట్టుకోవచ్చని కూడా నిబంధన ఉంది. నాలాంటి అంశాలకు ఇదొక్కటి చాలు. సోషియాలజీ నుంచి ఒకరు, టెక్స్‌టైల్స్ నుంచి ఒకరు. అడిగితే ఒకాయన "అలా చేస్తే సంతకాల దగ్గర ఇబ్బంది" అన్నారు. సంతకాల దగ్గర ఇబ్బంది! ఒక మనిషి ఐదేళ్ళ జీవితం ఒకవైపు, రెండు సంతకాలు ఒకవైపు.

సలహాలు మాత్రం అందరూ ఇస్తారు. సెమినార్లకు వెళ్ళి పరిచయం చేసుకోమంటారు. ఢిల్లీ సెమినార్‌కు రైలు టికెట్టు, బస, నమోదు రుసుము ఎవరు పెట్టుకుంటారు? తెలిసినవాళ్ళతో ఒక మాట చెప్పించమంటారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను, నాకు తెలిసిన ప్రొఫెసర్ ఎవరుంటారు? ప్రొఫెసర్ల పిల్లలకు ఏ గైడ్ మంచివాడో, ఎవరి దగ్గర ఖాళీ వస్తోందో, ఎవరికి ఎప్పుడు ఎలా రాయాలో భోజనాల దగ్గరే తెలిసిపోతుంది. మాకు ఆ సంగతి తెలిసేసరికి గడువు దాటిపోతుంది. దీన్ని ప్రతిభ అని పిలవకండి, నాకు ఒళ్ళు మండుతుంది.

"విదేశాలకు ప్రయత్నించు" అనేవాళ్ళు ఇంకో రకం. మీకు తెలుసో లేదో, మన దేశపు చేనేతే ఒక సజీవ ఆవిష్కరణ, అది మ్యూజియం వస్తువు కాదు అని వాదించిన గొప్ప పీహెచ్‌డీ ఒకటి నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో వచ్చింది. చేసినవారి మీద నాకు అపారమైన గౌరవం. నాకు ధైర్యం ఇచ్చింది ఆ పనే. కానీ గుండెల్లో గుచ్చుకునేది కూడా అదే. మగ్గం ఇక్కడ, పడుగు పేక ఇక్కడ, నేసేవాళ్ళు ఇక్కడ, ఆ పని జ్ఞానమేనని ఒప్పుకుని పట్టా ఇచ్చే చోటు మాత్రం సముద్రాల అవతల. అక్కడ చాలాచోట్ల పీహెచ్‌డీ అంటే ప్రకటన ఇచ్చి, జీతం ఇచ్చి చేయించే ఉద్యోగం. ఇక్కడ జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000, రాకపోతే కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చేరినవాళ్ళలో చాలామందికి అదీ లేదు. హైదరాబాద్‌లో గది అద్దె ఎంతో మీకు చెప్పాలా?

అసలు ఈ మంట ఇవాళ మొదలైంది కాదు. బీటెక్ చదివేటప్పుడు సెమినార్‌లో నేను ఆసు యంత్రం గురించి చెప్పాను. ఒక చీరకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 9,000 సార్లు మేకుల చుట్టూ తిరగాలి. మా అమ్మ భుజం ఆ పనితోనే అరిగింది. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు తన తల్లి భుజం నొప్పి చూడలేక, ఇంజనీరింగ్ చదువు లేకుండా, ఏళ్ళ తరబడి అప్పులు చేసి, 1999లో ఆ యంత్రాన్ని పూర్తి చేశారు. అదంతా చెప్పి కూర్చుంటే మా లెక్చరర్ గారు తరగతి ముందు అన్న మాట: "బాగుంది, కానీ ఇది ఇంజనీరింగ్ కాదు, కుటీర పరిశ్రమ." 2017లో ఆ కుటీర పరిశ్రమకే పద్మశ్రీ వచ్చింది. ఆ రోజు లెక్చరర్ గారికి ఫోను చేసి చెప్పాలనిపించింది. చెయ్యలేదు.

స్టార్టప్ అంటే ఆవిష్కరణ. గాజు గోడల భవనంలో కూర్చుని యాప్ చేస్తే ఆవిష్కరణ. ఇంట్లో మేకులు, మోటారు పెట్టుకుని అమ్మ చేతి కదలికను యంత్రంలోకి ఎక్కిస్తే అది కుటీర పరిశ్రమ. ఈ చూపును ప్రశ్నించడమే ఈ శాస్త్రం పని అనుకుని ఇటు వచ్చాను. ఇక్కడా అదే చూపు. టెక్స్‌టైల్ విభాగంలో ప్రయత్నించండి!

గుంటూరు జిల్లాలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు తోలు శాస్త్రవేత్త. ప్రభుత్వ పరిశోధనశాలలను నడిపే సీఎస్ఐఆర్‌కు అధిపతిగా ఉండి, 1970లలో ప్రయోగశాలల్లో ఉన్న సైన్స్‌ను కరీంనగర్ జిల్లా పల్లెలకు తీసుకువెళ్ళే ప్రయోగం చేయించారు. తర్వాత జేఎన్‌యూ వైస్ చాన్సలర్ కూడా అయ్యారు. తోలు నుంచి పల్లెకు, పల్లె నుంచి విశ్వవిద్యాలయానికి! ఆయన ఇవాళ పరిశోధకుడిగా దరఖాస్తు పెడితే "మీది ఏ శాఖ?" అని వెనక్కి పంపేవాళ్ళు.

ఒకప్పుడు ఎం.ఫిల్. అనేది ఒకటి ఉండేది. ఇంజనీరింగ్ నుంచో బయాలజీ నుంచో వచ్చినవాళ్ళు రెండేళ్ళు కూర్చుని కొత్త రంగం చదువుకుని, అధ్యాపకులకు తామేమిటో చూపించి, ఒక చిన్న పరిశోధన చేసి, ఆ తర్వాత గైడ్‌ను ఎంచుకునేవాళ్ళు. ఎవరి సిఫారసూ అక్కర్లేకుండా పరిచయం అయ్యే అవకాశం అది. 2022 నిబంధనలు దాన్ని తీసేశాయి. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని మనిషికి ఈమెయిల్ రాసి, ఐదేళ్ళు నన్ను భరించండి అని అడగాలి. వాళ్ళైనా ఎలా ఒప్పుకుంటారు? ఇందులో అధ్యాపకుల తప్పు లేదు. తీసేసినవాళ్ళు దాని స్థానంలో ఏం పెట్టారు?

ఒక మాట అనకుండా ఉండలేను. ఈ చదువు పేరు మన ఇళ్ళలో తెలియదు. కానీ ఇదే చదువులో పీహెచ్‌డీ చేస్తూ 2016 జనవరిలో ప్రాణం తీసుకున్న ఒక యువకుడి పేరు అందరికీ తెలుసు. రోహిత్ వేముల. లైఫ్ సైన్సెస్‌లో మొదలుపెట్టి సైన్స్, టెక్నాలజీ, సమాజ అధ్యయనాల వైపు వచ్చాడు. అమెరికా ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్‌లా సైన్స్ రచయిత కావాలనుకున్నానని చివరి ఉత్తరంలో రాశాడు. ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని కూడా అందులోనే రాశాడు. 2016 జనవరి తర్వాత ఎన్ని చర్చలు జరిగాయి, ఎన్ని గొంతులు లేచాయి. కులం గురించి మాట్లాడవలసిందే, ఇంకా మాట్లాడాలి. కానీ ఆ కుర్రవాడు ఏం చదువుతున్నాడు, ఏం అడగాలనుకున్నాడు, ఆ ప్రశ్నలను ఇప్పుడు ఎవరు అడుగుతున్నారు అని ఎంతమంది పట్టించుకున్నారు? మా ఇళ్ళ నుంచి ఈ చదువుకు వచ్చినవాళ్ళ ప్రశ్న అంటే అంత చులకనా?

ఈ పోస్టు చదివే అధ్యాపకులు కొందరు ఉన్నారు. మిమ్మల్నే అడుగుతున్నాను. మీ దగ్గర ఎంతమంది ఉన్నారో, ఈ ఏడాది కొత్తవారిని తీసుకుంటారో లేదో మీ పేజీలో ఒక్క వరుస రాయండి. తీసుకోలేకపోతే తీసుకోలేమని వారంలో చెప్పండి, మేము ఏడవం, ఇంకొకరిని అడుగుతాం. కాదని చెప్పేటప్పుడు ఈ పని ఎవరు చేస్తున్నారో ఒక పేరు చెప్పండి. వేరే విభాగం నుంచి సహ పర్యవేక్షకులు కావాలంటే ఆ రెండో సంతకం పెట్టండి.

మిగతావాళ్ళకు: చేనేత పనిముట్ల మీద, ఇంటి పని మీద, చేతిపని యంత్రాల మీద ఆసక్తి ఉండి, చేతిలో ఖాళీ ఉన్న గైడ్ ఎవరైనా మీకు తెలిస్తే కింద రాయండి. సినాప్సిస్ ఇవాళే పంపుతాను. నా నెట్ స్కోరుకు ఇంకా కొద్ది నెలలు గడువు ఉంది.