పాలమూరు, నల్గొండ పిల్లలు చదవాల్సిన సైకాలజీ

సైకాలజీ చదువుతానని ఇంట్లో చెబితే మన దగ్గర ముందు వచ్చే మాట "పిచ్చోళ్లకు వైద్యం చేస్తవా?" అని, ఆ వెంటనే "జీతం ఎంతొస్తది?" అని. రెండోది న్యాయమైన ప్రశ్నే. మొదటిదే పిల్లల్ని పక్కదారి పట్టిస్తోంది. పదిమందిలో ఉన్నప్పుడు మనిషి ఎలా మారతాడు, ఎవరి మాట వింటాడు, పనిచేసే చోట తప్పు కనిపించినా ఎందుకు నోరు విప్పడు, ఎందుకు మానేసి పోతాడు అని చూసే సోషల్, ఆర్గనైజేషనల్ సైకాలజీకి రోగాలతో పెద్దగా పని లేదు. ఈ చదువు హైదరాబాద్ ఐటీ కంపెనీలకంటే మన జిల్లాలకే ఎక్కువ అవసరమని నా గట్టి నమ్మకం.

నల్గొండ టెక్నిక్ సంగతే తీసుకోండి. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే ఈ పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారుచేశారు, ఆఫ్రికా దేశాల దాకా పోయింది. కెమిస్ట్రీ సరైనదే. కానీ ఇంట్లో రోజూ కొలత ప్రకారం రెండూ వేసి, కలిపి, మడ్డి అడుగుకు దిగేదాకా ఆగి, పైనీళ్లు వంచుకోవాలి. తెల్లారకముందే కూలికి పోయే ఆడమనిషి ఆ పని ఎన్నాళ్లు చేయగలదు? ఈ ప్రశ్నకు కెమిస్ట్రీలో జవాబు ఉండదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో మాంసానికి కొరత వస్తే, గుండెకాయ, కిడ్నీల్లాంటివి వండేలా గృహిణులను ఒప్పించడం ఎలా అని సోషల్ సైకాలజిస్ట్ కర్ట్ లెవిన్ పరీక్షించాడు. లెక్చర్ విన్నవాళ్లలో 3 శాతం మందే వండారు, తమలో తాము చర్చించుకుని నిర్ణయించుకున్నవాళ్లలో 32 శాతం. మన ఊళ్లలో అవగాహన సదస్సులు మాత్రం ఇప్పటికీ మైకు పట్టుకుని లెక్చర్ ఇవ్వడంతోనే అయిపోతున్నాయి.

ఇక పాలమూరు వలస. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, గుంపును కట్టి దూరపు పనులకు తీసుకుపోతాడు. కూలి తక్కువని తెలిసినా మళ్లీ అదే మేస్త్రీ వెంట పోవడానికి అప్పు ఒక్కటే కారణం కాదు, చుట్టరికం ఉంటుంది, తెలియని చోట తోడుంటాడన్న నమ్మకం ఉంటుంది, నలుగురూ పోతుంటే మనమొక్కరం ఆగిపోతామా అన్న మొహమాటం ఉంటుంది. ఇదంతా ఇంట్లో చూస్తూ పెరిగిన అమ్మాయికి, జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్ ఫ్యాక్టరీలో షిఫ్టు మారేటప్పుడు సూపర్‌వైజర్ ముందు కొత్త కుర్రాడు మిషన్‌లో తేడా చూసి కూడా ఎందుకు తల దించుకుని వెళ్లిపోతాడో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. దాన్ని కొలిచి, మేనేజ్‌మెంట్ ముందు లెక్కలతో పెట్టడం మాత్రం చదివితేనే వస్తుంది.

అందుకే స్టాటిస్టిక్స్ అంటే భయపడేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి, ఈ సబ్జెక్టులో సగం బలం అక్కడే ఉంది. ఉద్యోగాలు హెచ్‌ఆర్, ట్రైనింగ్, సేఫ్టీ, మార్కెట్ రీసెర్చ్, స్వచ్ఛంద సంస్థల సర్వేల్లో ఉంటాయి. మొదటి జీతం గొప్పగా ఉండకపోవచ్చు, హెచ్‌ఆర్‌లో ఎంబీఏ వాళ్లతో పోటీ తప్పదు. ఈ డిగ్రీతో క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవడం కుదరదు, దానికి వేరే శిక్షణ, రిజిస్ట్రేషన్ కావాలి.

ఇంకో చిక్కు 2025లో వచ్చి పడింది. సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. నాణ్యత కోసం అన్నారు, ఆ మాటలో నిజం ఉంది, కానీ దేవరకొండలోనో కొల్లాపూర్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ ఎంఏ చదవాలనుకున్నవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. హైదరాబాద్‌లో హాస్టల్ ఫీజు కట్టలేని అమ్మాయిని ఇంట్లోవాళ్లు పంపరు. కాబట్టి మహబూబ్‌నగర్‌లోని పాలమూరు, నల్గొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీల్లోనే ఈ పీజీ గట్టిగా నడవాలి, ప్రాజెక్టు పని పోలేపల్లి ఫ్యాక్టరీల్లో, వలస పోయే ఊళ్లలో, తెలుగులో అడిగిన ప్రశ్నలతో జరగాలి.