గట్టి మనసు ఒక్కటే చాలదు

"కొత్తగా వచ్చే కౌన్సెలర్లు ముందు మనసు గట్టి చేసుకోవాలి" అని కౌన్సెలింగ్ పని గురించి నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. అనంతపురం జిల్లాలో నేను ఈ పనిలోకి వచ్చి రెండేళ్లు. అప్పుల బాధతో పురుగుమందు తాగి భర్త చనిపోయిన ఒకామె, ఆ పొద్దున వేరుశనగ చేనికి పోతూ ఆయన ఏమన్నాడో మూడు వారాలు నాకు చెప్పుకుంది. నాలుగో వారానికి నాకు నిద్ర దూరమైంది. పురుగుమందు డబ్బా కనబడితే గుండె దడ. నాకు చేతకాదేమో అనుకున్నాను. ఇతరుల గాయాలు వినీ వినీ మనకూ గాయమవుతుందని మెక్కాన్, పెర్ల్‌మన్ అనే మనస్తత్వవేత్తలు 1990లోనే రాశారని తర్వాత తెలిసింది.

మొదట పనిచేసిన చోట రోజుకు ఎన్ని కేసులు చూశావనే లెక్కే తప్ప, నన్ను అడిగినవాళ్లు లేరు. రెండో చోట ఒక సీనియర్ మేడమ్ వారానికి గంటసేపు కూర్చోబెట్టి, "కేసు సంగతి తర్వాతమ్మా, నీకెట్లుంది?" అనేవారు. ఇలాంటి కేసులు వరసగా రెండు నాకు రాకుండా చూసేవారు. నన్ను నిలబెట్టింది అదే. దాన్నే సూపర్‌విజన్ అంటారు.

మానసిక బాధలో ఉన్నవాళ్లు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు అందరికీ మనమే చెప్తాం. అవసరమైతే మనమూ చేయొచ్చు, అందులో సిగ్గేం లేదు. కొత్తగా చేరే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇంటర్వ్యూలో జీతంతో పాటు "ఇక్కడ సూపర్‌విజన్ ఎవరు ఇస్తారు?" అని కూడా తప్పకుండా అడగండి.