46 ఏళ్లకి ట్యాలీ ఎందుకట!

పొద్దున అక్కని తీసుకుని ‘ఉచిత కంప్యూటర్ శిక్షణ’ అని బోర్డు పెట్టిన ఒక సెంటర్‌కి వెళ్లా. బావ పోయాక షాపు లెక్కలన్నీ అక్కే రాస్తోంది, జీఎస్టీ దగ్గరికొచ్చేసరికి ఆడిటర్ చుట్టూ తిరగాల్సొస్తోంది, కంప్యూటర్‌లో లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటానంది. కౌంటర్లో కుర్రాడు ఆధార్ జిరాక్స్ మీద పుట్టిన సంవత్సరానికి పెన్నుతో సున్నా చుట్టి కాగితం మా వైపే తోసేశాడు. “45 దాటితే పోర్టల్ తీసుకోదు ఆంటీ. అయినా ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ, కుట్టు మిషన్ బ్యాచ్ ఉంది, చేరతారా?”

కుట్టు మిషన్‌కైతే పోర్టల్‌కి వయసు గుర్తురాదు కాబోలు! ఆడదానికి ఏ కష్టమొచ్చినా మనవాళ్ల దగ్గర ఒకటే మందు. మొగుడు పోతే కుట్టు మిషన్, ఎన్నికలొస్తే కుట్టు మిషన్. వీధికి నలుగురు బ్లౌజులు కుడుతుంటే ఐదో ఆవిడ ఎవరికి కుట్టాలో కూడా వాళ్లే చెబితే బాగుండు.

అమీర్‌పేటలో మైత్రివనం దగ్గర నిలబడండి, చేతినిండా కంప్యూటర్ కోర్సుల పాంప్లెట్లు పెడతారు, వయసెవడూ అడగడు, ఫీజే అడుగుతాడు. సర్కారు ఫ్రీ అంటే మాత్రం కుర్రాళ్లకే. పోనీ వాళ్లకైనా ఒరిగిందేంటి? వేలిముద్ర హాజరు, గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్. ఉద్యోగం సిలబస్‌లో లేదు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రి బడికెళ్లి అక్షరాలు దిద్దిన ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. దూబగుంటలో మొదలైంది రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. పెద్ద వయసు ఆడవాళ్ల చేతికి పలక ఇవ్వాలంటే ఇప్పటికీ ఆ భయమేనేమో సర్కారు వాళ్లకి.

అసలు నా మంట పాతది. ఇంటర్ మధ్యలో ఆగిపోయిన నేను అర్హత పరీక్ష రాసి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేశా. పగలంతా ఫ్యాన్సీ షాపులో నిలబడి, ఆదివారం స్టడీ సెంటర్‌లో కూర్చుని. 1982లో పెట్టిన యూనివర్సిటీ అది, దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ, ఢిల్లీలో ఉన్న కేంద్రం వాళ్ల ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో కంటే మూడేళ్లు పెద్దది. అయినా ఇంటర్వ్యూలో ఫైలు తెరవగానే “ఓ, డిస్టెన్సా?” అని ఒక నవ్వు. రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూనివర్సిటీలకి పెద్ద దిక్కైన యూజీసీ 2022లో చెప్పింది కానీ ఆ నవ్వులకి ఆ కబురు ఇంకా అందలేదు. క్యాంటీన్లో కూర్చుని ప్రాక్సీ వేయించుకున్నోళ్లది రెగ్యులర్ చదువట, నాది మాత్రం దూరమట!

కూకట్‌పల్లి వైపు సాయంత్రం పూట ట్యాలీ నేర్పే చోటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఫీజు కడతాం. “ఈ వయసులో ఎందుకు” అని అడగాలనుకునేవాళ్లు నా ఫ్రెండ్స్ లిస్టులోంచి మీ అంతట మీరే వెళ్లిపోండి.