రోగి వివరాలు పైలట్‌కు ఎందుకు?

రాత్రిపూట దిగబోతూ కూలిన చిన్న విమానాల గురించి చదువుతుంటే 2011 మే 25 నాటి ఫరీదాబాద్ ప్రమాదమే కళ్లముందు మెదిలింది. పట్నా నుంచి రోగిని ఢిల్లీకి తెస్తున్న ఒంటి ఇంజను పిలాటస్ పీసీ-12 విమానం పర్వతీయ కాలనీ ఇళ్లపై పడింది. విమానంలోని ఏడుగురితో పాటు, ఏ పాపమూ ఎరుగని ముగ్గురు మహిళలు ఇంట్లోనే చనిపోయారు. ఆ రాత్రి వాతావరణం బాగాలేదు. చీకట్లో మబ్బుల్లో చిక్కుకుంటే విమానం ఒరిగిపోతున్నా లోపలి చెవి నిటారుగానే ఉన్నామని నమ్మిస్తుంది. పరికరాలను తప్ప దేన్నీ నమ్మకూడదు. అలాంటి రాత్రి బయల్దేరాలా వద్దా అని తేల్చే పైలట్‌కు రోగి పరిస్థితి అసలు చెప్పకూడదు; తెలిస్తే ఎలాగైనా కాపాడాలన్న తపనతో వాతావరణాన్ని లెక్కచేయకుండా బయల్దేరవచ్చు. కొన్ని విదేశీ ఎయిర్ అంబులెన్స్ సంస్థలు ఇదే పద్ధతి పాటిస్తాయి. మన దగ్గరా దీన్ని తప్పనిసరి చేయాలి.