బిబులస్ గారికి బహిరంగ లేఖ

లాటిన్ విశేషణ శిరోమణి, ‘తాగుడంటే ఇష్టపడే’ బిబులస్ గారికి,

మా తెలుగు ‘తాగుబోతు’ ఊరంతా తిట్లు తింటుంటే, అదే పని చేస్తూ తమరు నిఘంటువులో పెద్దమనిషిలా వెలిగిపోతున్నారు. తూలి పడ్డవాడి బాధ్యత మీది కాదట, దానికి ‘మత్తెక్కినవాడు’ అనే ఎబ్రియస్ ఉన్నాడట! తాగనివాడికి పేరు కావలసి వచ్చినా రోమన్లు ఆ ఎబ్రియస్‌కే ‘లేకుండా’ అనే ‘సే’ తగిలించి సోబ్రియస్ అన్నారు. ముందు మద్యం, తరవాతే నిషేధం. మన ప్రభుత్వాల వరసా అదే.

మీ జన్మ వృత్తాంతం చూశాను. ‘బిబెరె’ అంటే తాగడం. దానికి ‘ఉలస్’ చేరితే ఆ పని మీదికి మనసు లాగేవాడు. ఇట్టే నమ్మేసే క్రెడులస్, వాగుడుకాయ గర్రులస్ మీ దాయాదులే. తాగేవాణ్ణీ వాగేవాణ్ణీ నమ్మేవాణ్ణీ ఒకే ప్రత్యయం కింద కూర్చోబెట్టిన మహానుభావుడు ఏదో ఒక సాయంత్రం ఆ బల్ల దగ్గర ఉండే ఉంటాడు.

సంస్కృతంలో ‘పా’ ధాతువు ‘పిబతి’ అవుతుంది. మీకూ దానికీ మూలం ఒకటే. ఆ లెక్కన మా పానకం మీకు దూరపు చుట్టం. శ్రీరామనవమికి దయచేయండి, బెల్లం, మిరియాలే ఉంటాయి మరి.

మీ వేషాలే నచ్చలేదు. పుంలింగం పక్కన బిబులస్, స్త్రీలింగం పక్కన బిబులా, నపుంసకం పక్కన బిబులుమ్. వచనం మారినా విభక్తి మారినా విశేష్యం వెంట పరుగే. మా ‘మంచి’ని చూడండి: మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి గొడ్లు. ఎవరి కోసమూ చొక్కా మార్చదు.

పైగా మనుషులతో ఆగారా? రోమన్ కవి వర్జిల్ దగ్గర నీళ్లు పీల్చే ఇసుక, మరో కవి ఒవిడ్ దగ్గర రంగు పీల్చే ఉన్ని, రచయిత చిన్న ప్లినీ దగ్గర సిరా పీల్చే కాగితం, అన్నీ మీ ఖాతాలోవే. (లాటిన్‌లో మూడూ స్త్రీలింగాలే. ఎందుకొచ్చిన గొడవ!) ఇంకో కవి హోరేస్ మాత్రం పట్టపగలే ఫలెర్నియన్ ద్రాక్షసారా తాగిన తన సంగతి చెబుతూ, సారాని ద్వితీయలో కాక షష్ఠిలో పెట్టాడు. అంటే మద్యం మీకు కర్మ కాదు, సంబంధం!

ఇక మీ పేరు మోసిన మార్కస్ కల్పుర్నియస్ బిబులస్ సంగతి. క్రీ.పూ. 59లో జూలియస్ సీజర్‌తో పాటు కాన్సుల్, అంటే రోమ్‌ను ఏడాది పాటు ఏలే ఇద్దరు అధికారుల్లో ఒకడు. ఎదురు తిరిగితే నెత్తిన పేడ కుమ్మరించారు. తలుపేసుకుని, ఆకాశంలో శకునాలు చూస్తున్నానని ప్రకటనలు పంపాడు. ఆ ఏటి కాన్సుల్స్ ‘జూలియస్, సీజర్’ అని, అంటే ఇద్దరూ సీజరే అని జనం నవ్వుకున్నారు. విశేషణమన్నాక విశేష్యంతో కలిసి తీరాలి కదా. ఈయన సీజర్‌తో ఒక్క విషయంలోనూ కలవలేదు. వ్యాకరణ విరుద్ధంగా నడుచుకున్నందుకు ఆయన్ని మీ కుటుంబం నుంచి తక్షణం తొలగించగలరని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు